ఎండకు ధర లేదు, అప్పుకు ఉంది: శుద్ధ విద్యుత్తుకు అభివృద్ధి బ్యాంకుల పెట్టుబడి

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లుకు ఆవల, గని, శకునాల గ్రామాల పరిసరాల్లో దాదాపు 6 వేల ఎకరాల్లో పరచుకున్న వెయ్యి మెగావాట్ల సౌర పార్కుకు బొగ్గు వ్యాగన్లు రావు, గ్యాస్ గొట్టాలు లేవు. పలకల మీది దుమ్ము కడగడానికి నీళ్లు, కాపలాకూ మరమ్మతులకూ కొద్దిమంది మనుషులు, ఏటేటా కట్టే బీమా తప్ప దాన్ని నడపడానికి అయ్యే ఖర్చు పెద్దగా ఏమీ లేదు. అసలు ఖర్చంతా మొదటి యూనిట్ కరెంటు తీగల్లోకి వెళ్లకముందే అయిపోయింది. థర్మల్ కేంద్రం సంగతి వేరు. దాన్ని కట్టడానికి కొంత, ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్ల పాటు బొగ్గు కొనడానికి మరెంతో ఖర్చవుతుంది. బొగ్గు ధర పెరిగితే ఆ భారం ఆలస్యంగానైనా వినియోగదారుడి బిల్లుకు చేరుతుంది. సౌర, పవన విద్యుత్తులో మాత్రం పాతికేళ్లకు సరిపడే ఇంధనాన్ని మొదటిరోజే కొని పెట్టుకున్నట్టే లెక్క. ఆ కొనుగోలుకు కావలసిన సొమ్మును ఎవరు, ఎంత వడ్డీకి, ఎన్నేళ్ల గడువుకు అప్పిస్తారన్న దాన్ని బట్టే కరెంటు ధర చాలావరకు తేలుతుంది.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఒక మెగావాట్ సౌర కేంద్రానికి 4 కోట్ల రూపాయలు అప్పు తెచ్చారనీ, అది ఏటా 22 లక్షల యూనిట్లు ఉత్పత్తి చేస్తుందనీ అనుకుందాం. ఆ అప్పు 10.5 శాతం వడ్డీకి, 15 ఏళ్ల గడువుతో దొరికితే అసలూ వడ్డీ కలిపి ఏటా కట్టవలసింది సుమారు 54 లక్షల రూపాయలు. అంటే యూనిట్‌కు అప్పు భారమే రూ.2.46. అదే 4 కోట్లు 7 శాతానికి, 20 ఏళ్లకు దొరికితే ఏడాది వాయిదా 38 లక్షలకు లోపే ఉంటుంది, యూనిట్ మీద భారం రూ.1.72కు దిగుతుంది. పలకలు అవే, నేల అదే, ఎండ అదే. అప్పు షరతులు మారినందుకే యూనిట్‌కు 74 పైసల తేడా వచ్చింది. బొగ్గు కరెంటుతో పోటీపడేచోట ఇది చిన్న తేడా కాదు.

వాణిజ్య బ్యాంకులు ఆ రెండో రకం అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి, అందులో వాటి తప్పేమీ లేదు. జనం ఏడాదికో మూడేళ్లకో దాచుకున్న డిపాజిట్లను 20 ఏళ్ల అప్పుగా మార్చితే, డిపాజిటర్లు వెనక్కి అడిగినప్పుడు చేతిలో సొమ్ము ఉండదు. పైగా కొత్త సాంకేతికత పాతికేళ్లు పనిచేస్తుందో లేదో చూసిన అనుభవం వాటికి ఉండదు. తెలియని దానికి ఎక్కువ వడ్డీ అడగడమో, అసలు ఇవ్వకపోవడమో చేస్తాయి. ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకు పుట్టేది ఈ ఖాళీలోనే. దానికి సాధారణంగా డిపాజిట్లు ఉండవు. ప్రభుత్వ పూచీతోనో, ప్రభుత్వ యాజమాన్యం ఇచ్చే నమ్మకంతోనో దీర్ఘకాలిక బాండ్లు అమ్మి సొమ్ము తెస్తుంది; వాటాదారులకు ఏటా లాభం పంచాలన్న ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ సొమ్మును తక్కువ తేడాతో, ఎక్కువ గడువుకు తిరిగి ఇవ్వగలుగుతుంది.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో వివరంగా చూడడానికి జర్మనీకి చెందిన కేఎఫ్‌డబ్ల్యూ కంటే మంచి ఉదాహరణ దొరకదు. రెండో ప్రపంచ యుద్ధంలో శిథిలమైన దేశాన్ని తిరిగి కట్టుకోవడానికి 1948లో, యూరప్‌కు అమెరికా ఇచ్చిన మార్షల్ ప్రణాళిక నిధుల ఆసరాతో పుట్టిన ఈ బ్యాంకు పేరులోనే పునర్నిర్మాణం ఉంది. 80 శాతం వాటా కేంద్ర ప్రభుత్వానిది, 20 శాతం రాష్ట్రాలది. దాని అప్పులన్నిటికీ జర్మన్ ప్రభుత్వం చట్టబద్ధంగా పూచీ పడింది కనుక, దాదాపు ప్రభుత్వానికి దొరికే వడ్డీకే దానికి ప్రపంచ మార్కెట్లలో సొమ్ము దొరుకుతుంది. లాభం వచ్చినా పంచడానికి వీల్లేదు, నిల్వలకే చేరాలి.

కేఎఫ్‌డబ్ల్యూకు ఊరూరా శాఖలు లేవు. ఇంటి కప్పు మీద పలకలు పెట్టుకోదలచిన మనిషి తన ఖాతా ఉన్న స్థానిక పొదుపు బ్యాంకుకో సహకార బ్యాంకుకో వెళ్లి దరఖాస్తు పెడతాడు. ఆ బ్యాంకు అతని ఆదాయం, ఆస్తి చూసి, కేఎఫ్‌డబ్ల్యూ నుంచి తక్కువ వడ్డీకి సొమ్ము తెచ్చి అతనికి ఇస్తుంది. అప్పు తిరిగిరాకపోతే నష్టం చాలావరకు స్థానిక బ్యాంకుదే. చూడడానికి ఇది కార్యాలయ ఏర్పాటులా కనిపిస్తుంది కానీ, రాజధానిలోని ప్రభుత్వ సంస్థకు ఎక్కడో పల్లెలో ఉన్న రైతు పరపతి తెలియదనీ, తెలిసినవాడి చేతికే తాళం ఇవ్వాలనీ ఇది ఒప్పుకుంటుంది. 1999లో మొదలైన లక్ష పైకప్పుల పథకం ఈ దారిలోనే నడిచింది. సౌర పలకలకు మొదట్లో వడ్డీ లేని పదేళ్ల అప్పులు ఇచ్చారు; 2000లో వచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టం ఆ కరెంటును 20 ఏళ్లు నిర్ణీత ధరకు కొనే హామీ ఇచ్చింది. దరఖాస్తులు పోటెత్తడంతో వడ్డీ కొంత పెంచవలసి వచ్చింది. 300 మెగావాట్ల లక్ష్యంతో మొదలైన పథకం 2003లో ముగిసేసరికి ఆ లక్ష్యం నెరవేరింది.

300 మెగావాట్లంటే ఇవాళ అనంతపురం జిల్లాలో ఒక మూల పట్టే కేంద్రం. అప్పట్లో అది ప్రపంచ మార్కెట్‌ను కదిలించిన గిరాకీ. అంతకంటే ముఖ్యంగా, వేలాది చిన్న బ్యాంకుల అధికారులు సౌర అప్పు అంటే ఏమిటో, వాయిదా ఎలా తిరిగొస్తుందో ఆ నాలుగేళ్లలో కళ్లారా చూశారు. ఆ అనుభవం తర్వాత వాణిజ్య బ్యాంకుల భయం తగ్గింది. అభివృద్ధి బ్యాంకు సాధించే మార్పుల్లో లెక్కకు అందనిదీ, బహుశా అన్నిటికంటే విలువైనదీ ఇదే.

చౌక వడ్డీ ఒక్కటే దాని ఆయుధం కాదనడానికి 2011లో మొదలైన సముద్ర పవన విద్యుత్ పథకం సాక్ష్యం. ఉత్తర సముద్రంలో తీరానికి దూరంగా, లోతైన నీళ్లలో గాలిమరలు నిలబెట్టడం అప్పటికి అనుభవం లేని పని. ఒక్కో కేంద్రానికి వంద కోట్ల యూరోలకు పైగా కావాలి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అంత పెద్ద అప్పును తలా కొంత పంచుకోవడానికి తగినన్ని బ్యాంకులు ముందుకు రాలేదు. అప్పుడు కేఎఫ్‌డబ్ల్యూ 500 కోట్ల యూరోలు కేటాయించి, పది కేంద్రాల వరకు వాణిజ్య బ్యాంకులతో కలిసి అప్పిస్తానని ప్రకటించింది. విశేషమేమిటంటే ఆ అప్పు మార్కెట్ వడ్డీకే ఇచ్చింది, రాయితీ లేదు. అక్కడ కొరవడింది చౌక సొమ్ము కాదు, పెద్ద మొత్తాన్ని దీర్ఘకాలం మోసే భుజం. జబ్బేమిటో తెలుసుకుని మందు ఇవ్వడం అంటే ఇదే. ప్రతి అప్పుకూ వడ్డీ తగ్గించడమే అభివృద్ధి బ్యాంకు పని అనుకుంటే ప్రజల సొమ్ము అవసరం లేనిచోట కరిగిపోతుంది.

అలా కరిగిపోయిన ఉదాహరణ కూడా కేఎఫ్‌డబ్ల్యూ చరిత్రలోనే ఉంది. ఇళ్లలో వేడి వృథా కాకుండా కట్టుకునేవారికి, ప్రమాణాన్ని అందుకుంటే అప్పులో కొంత భాగం మాఫీ చేసే పథకం ఏళ్లుగా నడిచింది. పోలికకు తీసుకున్న నమూనా భవనం వాడే ఇంధనంలో 55 శాతం సరిపోయే ఇల్లు కడితే సాయం దొరికేది. ఒకప్పుడు అది కష్టమైన ప్రమాణం. క్రమంగా బిల్డర్లకు అది మామూలు పని అయిపోయింది, సాయం మాత్రం కొనసాగింది. గడువు ముగియబోతోందని తెలిసి దరఖాస్తులు వెల్లువెత్తడంతో 2022 జనవరి 24న పథకాన్ని ఉన్నపళంగా ఆపేశారు. ఇల్లు కట్టుకోవడానికి లెక్కలు వేసుకున్న కుటుంబాలు మధ్యలో ఇరుక్కుపోయాయి. సాయాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిసిన సంస్థకు, ఎప్పుడు మెల్లగా తగ్గించాలో తెలియలేదు. పదేళ్ల లెక్కలు వేసుకుని ఇళ్లు కట్టే రంగంలో ఇలాంటి అర్ధాంతరపు ఆటంకం, ఆ సాయం అసలు లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

బ్రెజిల్ బ్యాంకు బీఎన్‌డీఈఎస్ ఇదే పనికి ఒక షరతు జోడించింది. 1952లో పుట్టిన ఆ బ్యాంకుకు కార్మిక సంక్షేమం పేరిట వసూలు చేసే పన్నుల్లో రాజ్యాంగబద్ధమైన వాటా ఉండడంతో, దేశంలో వడ్డీరేట్లు విపరీతంగా ఉన్న రోజుల్లో కూడా మార్కెట్ కంటే బాగా తక్కువకు దీర్ఘకాలిక అప్పు ఇవ్వగలిగింది. 2009 డిసెంబరులో పవన విద్యుత్తుకు ప్రత్యేకంగా తొలి వేలం జరిగాక గెలిచిన కంపెనీలు దాదాపుగా ఆ అప్పు మీదే ఆధారపడ్డాయి. గాలిమర స్తంభాలు, రెక్కలు, యంత్రాల్లో నిర్ణీత భాగం దేశంలోనే తయారు కావాలన్నది బ్యాంకు నిబంధన. 2012 చివర్లో దాన్ని దశలవారీ లక్ష్యాలుగా మార్చి కఠినం చేశారు. బహియా, సియరా రాష్ట్రాల్లో కర్మాగారాలు వచ్చాయి. యంత్రాల ధర పెరిగిందన్న విమర్శా వచ్చింది, అందులో నిజం లేకపోలేదు. 2018 నుంచి బ్యాంకు వడ్డీని క్రమంగా మార్కెట్ రేటుకు దగ్గర చేసినా పవన రంగం కుంగిపోలేదు, నేడు ఆ దేశంలో పవన విద్యుత్ సామర్థ్యం 30 వేల మెగావాట్లు దాటింది. ఊతకర్ర తీసేసినా మనిషి నడవగలిగాడు కాబట్టి ఆ పదేళ్ల సాయం సరిగ్గానే ఖర్చయిందనవచ్చు.

బ్రిటన్ మాత్రం ఊతకర్రనే అమ్మేసింది. 2012లో 300 కోట్ల పౌండ్ల మూలధనంతో ఎడిన్‌బరాలో పెట్టిన హరిత పెట్టుబడి బ్యాంకును ఐదేళ్లకే, 2017లో, ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ సంస్థకు 230 కోట్ల పౌండ్లకు అప్పగించింది. నాలుగేళ్లు తిరక్కముందే లీడ్స్‌లో మరో ప్రభుత్వ బ్యాంకును మొదటినుంచి కట్టుకోవలసి వచ్చింది.

భారతదేశానికి వస్తే, ఈ పనిలో మూడు సంస్థల పేర్లు తరచుగా వినిపిస్తాయి. పల్లెలకు కరెంటు, బావులకు మోటార్లు అందించడం కోసం 1969లో పుట్టిన ఆర్‌ఈసీ, విద్యుత్ కేంద్రాలకు అప్పిచ్చేందుకు 1986లో వచ్చిన పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ (పీఎఫ్‌సీ), కేవలం పునరుత్పాదక ఇంధనం కోసం 1987లో ఏర్పడిన ఇరెడా. గాలిమర అంటే విచిత్ర వస్తువుగా చూసే కాలంలో దానికి అప్పిచ్చిన సంస్థ ఇరెడా. 1990ల ఆరంభంలో ప్రపంచ బ్యాంకు పవన, చిన్న జల, సౌర విద్యుత్తుకు ఇచ్చిన రుణం కూడా దాని చేతుల మీదుగానే నడిచింది. అయితే కేఎఫ్‌డబ్ల్యూకు ఉన్నట్టు అప్పులన్నిటికీ చట్టబద్ధమైన ప్రభుత్వ పూచీ దీనికి లేదు. చాలావరకు దేశీయ మార్కెట్లో తెచ్చుకున్న సొమ్మునే తిరిగి ఇవ్వాలి కనుక దాని వడ్డీ జర్మన్ ప్రమాణాల్లో చౌక కాదు. 2023 నవంబరులో 32 రూపాయల ధరకు షేర్లు అమ్మి స్టాక్ మార్కెట్‌లో నమోదయ్యాక దానికి మూలధనం పెరిగింది. మూడు నెలలకోసారి లాభం చూపవలసిన బాధ్యతా వచ్చింది. వాటాదారుడు అడిగే లాభం, కొత్త రంగానికి కావలసిన ఓపిక ఎంతకాలం ఒకే గూటిలో ఇముడుతాయన్నది గమనించవలసిన విషయం.

విదేశీ అభివృద్ధి బ్యాంకుల సొమ్ము చౌకగా కనిపిస్తుంది, కానీ అది రూపాయల్లో రాదు. సౌర కేంద్రం రాబడి రూపాయల్లో, అప్పు వాయిదా యూరోల్లోనో డాలర్లలోనో యెన్‌లలోనో ఉంటే, పదేళ్లలో రూపాయి ఎంత పడిపోతుందో ఎవరో ఒకరు భరించాలి. ఆ ప్రమాదానికి రక్షణ కొనుక్కుంటే దాని ఖర్చు వడ్డీకి తోడవుతుంది. 2 శాతం అని విన్న యూరో అప్పు రూపాయల్లోకి వచ్చేసరికి 6, 7 శాతం కావచ్చు. ఈ చిక్కును తప్పించడానికి 2017 అక్టోబరులో ఇరెడా లండన్‌లో రూపాయల్లోనే తీర్చే మసాలా బాండ్లు అమ్మి 1,950 కోట్ల రూపాయలు సమకూర్చుకుంది. మారకపు నష్టం కొన్నవాడిదే. కానీ వాటి గడువు ఐదేళ్లు. వాటితో వచ్చిన సొమ్ముతో నడిపించవలసిన కేంద్రాల ఆయుష్షు పాతికేళ్లు. ఒక చిక్కు విప్పితే మరొకటి మిగిలింది.

మారకపు భారాన్ని మోయడానికి అన్నిటికంటే తగిన భుజం ప్రభుత్వానిదే, ఆ విదేశీ సొమ్ము పెట్టడానికి తగిన చోటు ప్రైవేటు కేంద్రాల కంటే తీగలు, సబ్‌స్టేషన్లు. హరిత ఇంధన కారిడార్ ఈ ఆలోచనకు రూపం. గాలి, ఎండ సమృద్ధిగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో, అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, పల్లెల్లో పుట్టే కరెంటును పట్టణాలకు మోసే లైన్ల మొదటి దశకు 10,141 కోట్ల రూపాయలు అంచనా వేశారు. అందులో 20 శాతం రాష్ట్ర సంస్థల సొంత పెట్టుబడి, 40 శాతం కేఎఫ్‌డబ్ల్యూ ఇచ్చిన 50 కోట్ల యూరోల రుణం. మిగతా 40 శాతం జాతీయ శుద్ధ ఇంధన నిధి నుంచి గ్రాంటు. ఆ నిధికి సొమ్ము వచ్చింది బొగ్గు మీద టన్నుకు ఇంతని వేసిన సెస్సు నుంచి. ఏ కాలుష్యాన్ని తగ్గించాలనుకున్నారో దాని మీదే పన్ను వేసి, ఆ పన్నుతోనే ప్రత్యామ్నాయానికి దారి వేసిన ఈ అమరిక, భారత విద్యుత్ విధానంలో వచ్చిన మంచి ఆలోచనల్లో ఒకటి.

తీగల మీద పెట్టుబడి ఎవరి కంటా పడదు, ప్రారంభోత్సవ ఫలకాల మీద మెగావాట్లు రాసుకున్నంత ఘనంగా లైన్ల పొడవు చెప్పే సర్క్యూట్ కిలోమీటర్లు రాసుకోరు. కానీ సౌర పార్కు ఏడాదిన్నరలో పూర్తవుతుంది, అనుమతులూ భూసేకరణా కలిసి పెద్ద లైనుకు అంతకు రెట్టింపు పడుతుంది. లైను రాకపోతే తయారైన కరెంటును గ్రిడ్ తీసుకోలేదు. బీజింగ్ కేంద్రంగా పనిచేసే ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు 2017లో భారతదేశానికి ఇచ్చిన తొలి రుణం, 16 కోట్ల డాలర్లు, ఆంధ్రప్రదేశ్‌లో అందరికీ 24 గంటల విద్యుత్ పథకం కింద ఇలాంటి లైన్లకూ పంపిణీ వ్యవస్థకూ వచ్చినదే. ప్రపంచ బ్యాంకు అదే పథకానికి 24 కోట్ల డాలర్లు ఇచ్చింది.

సొమ్ము దొరికింది, తీగ వచ్చింది, పలకలు బిగించారు. ఇక మిగిలింది కరెంటు కొనేవాడు డబ్బు కట్టడం. అభివృద్ధి బ్యాంకుల లెక్కలు తరచుగా తలకిందులయ్యేది ఇక్కడే.

మధ్యప్రదేశ్‌లోని రీవాలో 750 మెగావాట్ల సౌర పార్కుకు 2017 ఫిబ్రవరిలో వేలం జరిగితే మొదటి ఏడాదికి యూనిట్ రూ.2.97కే కరెంటు ఇవ్వడానికి కంపెనీలు ముందుకొచ్చాయి. మొదటి పదిహేనేళ్లు ఏటా ఐదు పైసలు పెరిగే లెక్కన పాతికేళ్ల సగటు ధర రూ.3.30. అంతకు పదిహేను నెలల ముందు కర్నూలు పార్కు వేలంలో పలికిన రూ.4.63 దేశంలోనే అతి తక్కువ అన్నారు. మధ్యలో పలకల ధరలు బాగా పడిపోయాయి, ఆ మేరకు ఘనత చైనా కర్మాగారాలది. మిగతా తేడా అప్పు ఇచ్చేవారి ధైర్యానిది. ప్రపంచ బ్యాంకు రుణం ఇరెడా ద్వారా పార్కులోని సబ్‌స్టేషన్లు, రోడ్ల వంటి ఉమ్మడి వసతులకు వెళ్లింది. దాని సోదర సంస్థ ఐఎఫ్‌సీ కూర్చుని ఒప్పంద పత్రాలను తీర్చిదిద్దింది. కరెంటు కొనే సంస్థ సమయానికి కట్టకపోతే ఒకదాని తర్వాత ఒకటిగా ఆదుకునే మూడు అంచెల చెల్లింపు భద్రత అందులో ఉంది, చివరి అంచె రాష్ట్ర ప్రభుత్వ హామీ. ఉత్పత్తిలో కొంత భాగాన్ని చెల్లింపుల్లో మాట తప్పని ఢిల్లీ మెట్రో కొంటోంది. కేంద్రాలు కట్టడానికి ప్రభుత్వం నేరుగా సబ్సిడీ ఏదీ ఇవ్వలేదు. బ్యాంకుకు భయం తగ్గితే వడ్డీ తగ్గుతుంది, వడ్డీ తగ్గితే ధర తగ్గుతుంది.

రెండేళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఇదే సూత్రం తిరగబడింది. గత ఏళ్లలో గాలి, సౌర విద్యుత్తుకు యూనిట్‌కు నాలుగున్నర రూపాయలకు పైగా ఇస్తామని రాసుకున్న ఒప్పందాలు విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంలకు మోయలేని భారమయ్యాయంటూ, ధరలు తగ్గించడంపై సంప్రదింపులకు రాష్ట్ర ప్రభుత్వం 2019 జూలైలో ఉన్నతస్థాయి కమిటీని వేసింది. డిస్కంల నష్టాలు నిజమే. కొత్త వేలాల్లో రెండున్నర రూపాయలకు దొరికే కరెంటుకు పాత ధర కట్టడం ఎవరికైనా కష్టంగానే తోస్తుంది. కానీ పాత కేంద్రాలు పాత ధర పలకలతో, పాత వడ్డీకి తెచ్చిన అప్పుతో కట్టినవి. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. వివాదం తేలేవరకు పవన విద్యుత్తుకు రూ.2.43, సౌర విద్యుత్తుకు రూ.2.44 చొప్పున కట్టమని 2019 సెప్టెంబరులో తాత్కాలిక ఆదేశం వచ్చింది. ఒప్పందంలోని ధరే కట్టి తీరాలని 2022 మార్చిలో డివిజన్ బెంచ్ తీర్పు చెప్పింది. మధ్యలో గడిచిన దాదాపు రెండున్నరేళ్లూ ఆ కేంద్రాల చేతికి రావలసిన దానిలో సగం అటూ ఇటూగా వచ్చింది, అప్పు వాయిదాలు మాత్రం నిండుగా కట్టవలసి వచ్చింది.

ఈ వివాదంలో ధర ఎక్కువా తక్కువా అన్నది ఒక ప్రశ్న. అంతకంటే లోతైన నష్టం వేరే ఉంది: పాతికేళ్ల ఒప్పందాన్ని ఐదేళ్లకే తిరగరాయవచ్చన్న అనుమానం ఒక్కసారి పుడితే, ఆ రాష్ట్రంలో తర్వాత వచ్చే ప్రతి అప్పు మీదా ఆ అనుమానానికి వడ్డీ పడుతుంది. ముందు వేసిన లెక్క ప్రకారం వడ్డీ రెండు మూడు శాతం పెరిగినా, గడువు ఐదేళ్లు కురచైనా యూనిట్‌కు పదుల పైసలు పెరుగుతాయి. డిస్కం ఒకచోట మిగిల్చుకోబోయింది మరోచోట కొత్త కేంద్రాల ధరలో తిరిగి చేరుతుంది. ఏ అభివృద్ధి బ్యాంకూ తన రాయితీతో దీన్ని పూడ్చలేదు.

డిస్కంలకే నేరుగా అప్పిచ్చి ఈ చిక్కు తీర్చే ప్రయత్నమూ జరిగింది. 2020 మేలో కేంద్ర ప్రభుత్వం పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీల ద్వారా డిస్కంలకు 90 వేల కోట్ల రూపాయల రుణాలు ప్రకటించింది, రాష్ట్రాలు పూచీ పడాలన్న షరతుతో. ఉత్పత్తి సంస్థలకు పాత బకాయిలు అందాయి, ఊపిరి ఆడింది. అయితే డిస్కం బాకీ తీరలేదు. కేంద్రాల యజమానుల ఖాతా నుంచి పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీల ఖాతాకు మారింది. వ్యవసాయ సబ్సిడీ సొమ్మును ప్రభుత్వాలు సమయానికి కట్టకపోవడం, ధరల సవరణ ఏళ్ల తరబడి వాయిదా పడడం వంటి కారణాలు అలాగే ఉన్నాయి.

ఇదే బ్యాంకులు బొగ్గుకూ అప్పిచ్చాయన్న సంగతి మరుగుపరచవలసిన పని లేదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వద్ద 800 మెగావాట్ల యూనిట్లతో కట్టిన దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రానికి పీఎఫ్‌సీతో పాటు కేఎఫ్‌డబ్ల్యూ కూడా రుణమిచ్చింది. పాత పద్ధతి కంటే తక్కువ బొగ్గుతో ఎక్కువ కరెంటు ఇచ్చే సాంకేతికత అన్నది అప్పటి సమర్థన. దక్షిణాఫ్రికాలో 4,800 మెగావాట్ల మెడుపీ బొగ్గు కేంద్రానికే ప్రధానంగా 2010లో ప్రపంచ బ్యాంకు 375 కోట్ల డాలర్లు ఇచ్చింది. పన్నెండేళ్ల తర్వాత అదే బ్యాంకు, అదే దేశంలో, కొమాటి బొగ్గు కేంద్రాన్ని మూసి ఆ స్థలంలో 150 మెగావాట్ల సౌర, 70 మెగావాట్ల పవన కేంద్రాలు, బ్యాటరీలు పెట్టడానికి 49.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. లక్సెంబర్గ్‌లోని యూరప్ పెట్టుబడి బ్యాంకు 2021 చివరినుంచి సాధారణ శిలాజ ఇంధన ప్రాజెక్టులకు అప్పు ఆపేస్తానని 2019లోనే ప్రకటించింది.

కొమాటి అనుభవాన్ని జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే తెలుగు నేల మీదా అలాంటి రోజు వస్తుంది, కొంత వచ్చింది కూడా. 1961లో మొదలైన ఆ కేంద్రం చివరి యూనిట్ 2022 అక్టోబరు 31న ఆగిపోయింది. ఉద్యోగులను ఇతర కేంద్రాలకు పంపవచ్చు. కేంద్రం చుట్టూ టిఫిన్ బండి నడిపినవారు, ఇళ్లు అద్దెకిచ్చినవారు, కాంట్రాక్టు కూలీలు ఎక్కడికీ బదిలీ కారు. ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 49.7 కోట్లలో గ్రాంటు ఒక కోటి డాలర్లే, మిగతాదంతా తిరిగి కట్టవలసిన సొమ్ము. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో దక్షిణాఫ్రికాకు సంపన్న దేశాలు ప్రకటించిన 850 కోట్ల డాలర్లలో కూడా గ్రాంటు వాటా 4 శాతం చుట్టూ ఉంది; 2025 మార్చిలో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది.

సౌర కేంద్రానికి అప్పిస్తే అది కరెంటు అమ్మి తీరుస్తుంది. మూసిన బొగ్గు కేంద్రం దగ్గర బూడిద చెరువులను శుభ్రం చేయడానికి, కూలీలకు మరో పని నేర్పడానికి, పట్టణంలో పడిపోయిన వ్యాపారాన్ని నిలబెట్టడానికి పెట్టే సొమ్ముకు అలాంటి రాబడి లేదు. ఆ ఖర్చును అప్పుగా ఇవ్వడం, ఎంత తక్కువ వడ్డీకైనా, సాధనాన్ని తప్పుగా ఎంచుకోవడమే. పాల్వంచలో 2020లో మూసేసిన కొత్తగూడెం పాత కేంద్రం ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చారు. పక్కనే 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ అప్పటికే నడుస్తుండడంతో ఊరికి పూర్తి దెబ్బ తగలలేదు. మిగతాచోట్ల పాత యూనిట్ల వంతు వచ్చేసరికి పక్కన మరో బొగ్గు యూనిట్ ఉంటుందన్న భరోసా లేదు. ఆ ఖర్చుకు గ్రాంటు కావాలి, గ్రాంటుకు ఒక నిధి కావాలి. హరిత కారిడార్ తీగలకు 40 శాతం సొమ్మిచ్చిన బొగ్గు సెస్సు 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400 రూపాయలకు చేరింది. 2017లో జీఎస్టీ వచ్చాక అది రాష్ట్రాల పరిహార సెస్సులో కలిసిపోయింది, 2025 సెప్టెంబరులో ఆ సెస్సునూ ఎత్తేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. బొగ్గు మీద పన్ను ఇప్పటికీ వస్తోంది, కానీ బొగ్గు మీద బతికిన ఊళ్ల పేరిట అందులో ఒక్క రూపాయి కూడా విడిగా రాసిపెట్టి లేదు.